రాతి పలుకు

సంతలో కుండ కొనేవారు దానిని ఊరికే కొనరు. ఎడమచేతిలో పట్టుకొని కుడిచేతి వేళ్ళ కణుపులతో తట్టి చూస్తారు. కుండ ఖణేల్‌మంటే పైకం ఇస్తారు. బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తారు. కంటికి కనబడని బీటను చెవి పట్టేస్తుంది.

రాతిపని చేసేవారి పద్ధతీ ఇదే. రోలు చేయాలన్నా, తిరగలి చేయాలన్నా ముందు బండను సుత్తితో తట్టి వింటారు. లోపల పగులు లేని రాయి ఖంగుమంటుంది. పగులున్న రాయి మొద్దుగా పలుకుతుంది. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు రాష్ట్రాలలో తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్న వడ్డెర కుటుంబాలలో అనేకులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. చెరువు కట్టలకు, బావులకు, కోట గోడలకు రాయి ఎంచినవారు వీరు. ఈ విద్యను వారు ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. చెవితో నేర్చుకొన్నారు.

హంపీలోని విఠ్ఠలాలయ మండపంలో సన్నని రాతిస్తంభాలు తట్టితే స్వరాలు పలుకుతాయన్న సంగతి మీరు వినే ఉంటారు. కల్పక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు ఆ స్తంభాల ధ్వనులను యంత్రాలతో కొలిచారు. వీణ తీగ మీటినప్పుడు అటూ ఇటూ వంగి కంపించినట్లే ఆ స్తంభాలు కూడా కంటికి కనబడనంత స్వల్పంగా వంగి కంపిస్తున్నాయని తేల్చారు. యాత్రికులు తట్టి తట్టి స్తంభాలు దెబ్బతింటున్నందున వాటిని తాకనివ్వడం మానేశారు. ఇది మంచి పనే.

తట్టితే రాయి ఎందుకు పలుకుతుంది? సుత్తి దెబ్బ తగిలినచోట రాతిలోని రేణువులు ఒక్క క్షణం నొక్కుకుపోతాయి. అవి తమ పక్క రేణువులను నెడతాయి. అవి మరికొన్నింటిని నెడతాయి. ఇలా నెట్టుడు ఒక చివరి నుండి మరొక చివరికి సాగిపోతుంది. రేణువు మాత్రం తన చోటు విడిచి పోదు. కొద్దిగా కదిలి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. నొక్కితే నొక్కుకుపోయి, వదిలితే మళ్ళీ మొదటి రూపానికి వచ్చే ఈ గుణాన్ని స్థితిస్థాపకత అంటారు. దాని వల్ల సాగే తరంగాన్ని స్థితిస్థాపక తరంగం అంటారు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీటిలో 1500 మీటర్లు పోతుంది. మంచి గ్రానైట్ రాతిలో 5000 మీటర్ల వరకు పోతుంది. పదార్థం ఎంత బిగువుగా ఉంటే తరంగం అంత వేగంగా పరుగెత్తుతుంది. పగులుంటే బిగువు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది, స్వరం దిగుతుంది. కుండ కొనేవారి చెవికి తెలిసిన రహస్యం ఇదే.

ఇక్కడివరకు కథ సులభమే. కాని ఇందులో మనం ఒక విషయాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకొన్నాం. రాయిని మెల్లగా తట్టినా, గట్టిగా కొట్టినా అది ఒకే స్వరంతో పలుకుతుందని అనుకొన్నాం. అది నిజమేనా?

పాత కాగితాలు కొనేవారి దగ్గర కొక్కెం వేలాడే స్ప్రింగు త్రాసు ఉంటుంది. ఒక కిలో తగిలిస్తే ముల్లు ఒక గీత దిగుతుంది. రెండు కిలోలకు రెండు గీతలు దిగుతుంది. బలం ఎన్ని రెట్లయితే సాగుడు అన్ని రెట్లవుతుంది. ఈ నియమాన్ని కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. తన సూత్రాన్ని ఇతరులు ముందుగా ప్రకటించుకొంటారేమోనన్న శంకతో ఆయన 1676లో దానిని అక్షరాలు తారుమారు చేసి అచ్చువేయించాడు. రెండేళ్ళ తర్వాత, 1678లో, ఆ చిక్కుముడిని తానే విప్పాడు. ఆ కాలపు శాస్త్రజ్ఞులకు పరస్పరం అంత నమ్మకం ఉండేది మరి!

హుక్ సూత్రాన్ని గీతపటంగా గీస్తే సరళరేఖ వస్తుంది. దీనిని పాటించే పదార్థంలో తరంగానికి కొన్ని మంచి లక్షణాలుంటాయి. తరంగం పెద్దదైనా చిన్నదైనా వేగం మారదు. ఏ స్వరంతో బయలుదేరితే ఆ స్వరంతోనే చేరుతుంది. రెండు తరంగాలు ఎదురుపడితే ఒకదానిలోనుండి మరొకటి దాటి, ఏమీ జరగనట్లు తమ దారిన పోతాయి. గాలిలో మామూలు శబ్దాలు దాదాపు ఇలాగే నడుచుకొంటాయి. కచేరీలో మృదంగం గట్టిగా మోగినా, వీణ మెల్లగా పలికినా రెండూ ఒకే వేళకు మన చెవిని చేరతాయి. గట్టి శబ్దం ముందుగా, మెల్లని శబ్దం వెనుకగా వచ్చేటట్లయితే తాళానికీ స్వరానికీ పొంతనే ఉండేది కాదు.

రాయి మాత్రం ఇంత బుద్ధిగా నడుచుకోదు. 1906లోనే ఆడమ్స్, కోకర్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల రాళ్ళను యంత్రంలో పెట్టి, మెల్లమెల్లగా నొక్కి, మళ్ళీ మెల్లమెల్లగా వదిలి, అవి ఎంత కుదించుకొన్నదీ కొలిచారు. ఉక్కు వెళ్ళిన దారినే తిరిగివస్తుంది. రాయి అలా రాలేదు. నొక్కేటప్పుడు ఒక గీతమీద వెళ్ళి, వదిలేటప్పుడు మరొక గీతమీద వచ్చింది. రెండు గీతల నడుమ సన్నని ఆకు వంటి వలయం మిగిలింది. దీనిని శైథిల్య వలయం అంటారు. అంటే ఇప్పుడు దానిమీద ఉన్న బలమెంతో చెప్పినంత మాత్రాన రాయి స్థితి తెలియదు. అంతకు ముందు దానికి ఏమి జరిగిందో కూడా చెప్పాలి.

దీనికి కారణం రాతి నిర్మాణంలో ఉంది. ఇసుకరాయిని భూతద్దంతో చూడండి. చిన్న చిన్న ఇసుకరేణువులు ఒకదానినొకటి అక్కడక్కడ తాకుతూ, సన్నని అతుకు పదార్థంతో కలిసి ఉంటాయి. వాటి నడుమ ఖాళీలున్నాయి, సన్నని నెర్రెలున్నాయి. ఇటుకల గోడను తలచుకోండి. రేణువులు ఇటుకలవంటివి. అవి గట్టివి, హుక్ సూత్రాన్ని చక్కగా పాటిస్తాయి. అతుకులు సున్నంవంటివి. రాతి మొత్తంలో అతుకుల భాగం చాలా స్వల్పం. అయినా బరువు పడినప్పుడు ముందుగా లొంగేవి అవే. కనుక రాయి ప్రవర్తన అంతా ఆ స్వల్పభాగం చేతిలో ఉంది.

దూదిపరుపు మీద చేయి పెట్టి నొక్కితే మొదట సులభంగా అణుగుతుంది. అణిగినకొద్దీ మరింత గట్టిపడుతుంది. రాతిలోని నెర్రెలూ అంతే. ఒత్తిడి పెరిగినకొద్దీ మూసుకుపోతాయి, రాయి బిగుస్తుంది. ఫ్రాన్సిస్ బర్చ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1960లో ప్రకటించిన కొలతలు ఈ విషయంలో ప్రసిద్ధమైనవి. గ్రానైట్‌ను గొప్ప ఒత్తిడికి గురిచేసినప్పుడు దానిలో తరంగవేగం సెకనుకు 6 కిలోమీటర్లు దాటింది.

ఇప్పుడు తరంగం సంగతి ఆలోచించండి. తరంగంలో ఒక భాగం రాయిని నొక్కుతుంది, మరొక భాగం సడలిస్తుంది. నొక్కే భాగం తన దారిలోని రాయిని తానే బిగిస్తుంది కాబట్టి కొంచెం వేగంగా పోతుంది. సడలించే భాగం వెనుకబడుతుంది. కొంతదూరం పోయేసరికి తరంగం ముందుకు ఒరుగుతుంది. సముద్రపుటొడ్డున నిలబడి చూసినవారికి ఇది తెలిసిన దృశ్యమే. లోతులేని చోటికి వచ్చిన అలలో శిఖరం అడుగుభాగం కన్నా వేగంగా పోయి ముందుకు వాలుతుంది. రాతిలోని తరంగం అలలాగా విరిగిపడదు గాని దాని ఆకారం మారుతుంది. ఆకారం మారితే స్వరమూ మారుతుంది. 'స' అని బయలుదేరిన తరంగంలో, దానికి రెట్టింపు పౌనఃపున్యం గల పై 'స' కూడా కొద్దిగా కలిసి వస్తుంది. ఇటువంటి స్వరాలను అనుస్వరాలు అంటారు. సూత్రం సరళరేఖ కానందువల్ల కలిగే ఈ ప్రవర్తనను అరేఖీయ ప్రవర్తన అంటారు.

అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో బెరియా అనే ఊరుంది. అక్కడి ఇసుకరాయి ఒకప్పుడు సానరాళ్ళకు పేరుపొందింది. ఎక్కడ చూసినా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ప్రయోగశాలలవారికి కూడా అది ఇష్టమైన రాయి అయింది. ఆ రాతితో సుమారు 2 మీటర్ల పొడవున్న కడ్డీని చేసి, ఒక చివర నుండి తరంగాలను పంపి, దారి పొడవునా కొలిచిన ఫలితాలు 1993లో వెలువడ్డాయి. బయలుదేరినచోటి నుండి దూరం పెరిగినకొద్దీ రెట్టింపు స్వరం బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతూ పోయింది. సిద్ధాంతం చెప్పిందీ అదే. ఈ గుణానికి ఒక కొలమానం ఉంది. నీటికి, ఉక్కు, అల్యూమినియం వంటి లోహాలకు దాని విలువ 10 లోపల ఉంటుంది. రాళ్ళకు వందలలో, కొన్నిసార్లు వేలల్లో ఉంటుంది. కఠినత్వానికి మారుపేరుగా మనం చెప్పుకొనే రాయి ఈ లెక్కలో నీటికన్నా ఎన్నో రెట్లు అస్థిరమైనదన్నమాట!

ఇంతకంటే వింతైన ప్రయోగం మరొకటి ఉంది. మూర కన్నా పొట్టిదైన ఇసుకరాతి కడ్డీని తీసుకొని ఒక చివరన కంపనాలు పుట్టించే పరికరాన్ని, మరొక చివరన వాటిని కొలిచే పరికరాన్ని అతికిస్తారు. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తే బాగా ఊగుతుంది కదా! అలాగే కడ్డీకి కూడా తనకు నచ్చిన ఒక పౌనఃపున్యం ఉంటుంది. ఆ స్వరం తగిలినప్పుడు బాగా కంపిస్తుంది. ఇది అనునాదం. మెల్లగా కంపింపజేసి ఆ స్వరం ఎంతో ముందు గుర్తిస్తారు. తర్వాత బలం కొంచెం కొంచెంగా పెంచుతారు. ఉక్కు కడ్డీ అయితే స్వరం అలాగే ఉండేది. రాతి కడ్డీలో మాత్రం బలం పెరిగినకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. అంటే రాయి మెత్తబడుతోంది. ఒక మీటరు పొడవులో ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు మార్పు కలిగితే చాలు, ఈ తేడాను కొలవవచ్చు. అది మన వెంట్రుక మందంలో కూడా చాలా చిన్న భాగం.

ముందు, తరంగంలో నొక్కే భాగం రాయిని బిగిస్తుందని చెప్పి, ఇప్పుడు రాయి మెత్తబడుతోందని చెబుతున్నానేమిటి అని మీకు సందేహం కలగవచ్చు. రెండూ నిజమే. ఒకసారి గట్టిగా నొక్కితే అతుకులు బిగుసుకొంటాయి. అటూ ఇటూ పలుమార్లు కుదిపితే సడలుతాయి. గింజలు నింపిన బస్తాను నొక్కడం వేరు, కుదపడం వేరు.

బలం ఆపివేసిన తర్వాత ఏమి జరిగిందో వినండి. కడ్డీ నిశ్శబ్దమైంది. మళ్ళీ మెల్లగా తట్టి స్వరం చూశారు. అది మొదటి స్వరం కాదు. ఇంకా కిందనే ఉంది. నిమిషాలు గడిచినకొద్దీ మెల్లగా పైకి రాసాగింది. ఆ రావడంలో ఒక విచిత్రమైన లెక్క కనబడింది. మొదటి నిమిషం నుండి పదవ నిమిషం వరకు ఎంత కోలుకొంటుందో, మళ్ళీ అంతే కోలుకోవడానికి నూరవ నిమిషం వరకు పడుతుంది. ఇంకా అంతే కోలుకోవాలంటే వెయ్యవ నిమిషం రావాలి. అంటే పదహారు గంటల నలభై నిమిషాలు! అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చెందిన జేమ్స్ టెన్‌కేట్, ఆయన సహచరులు 1996లోనూ 2000లోనూ ప్రకటించిన వ్యాసాలలో ఈ నెమ్మదైన కోలుకోవడాన్ని వివరించారు. ఇసుకరాతిలోనే కాదు, పాలరాతిలో, కాంక్రీటులో కూడా ఇటువంటి గుణం కనబడుతుంది. దెబ్బ క్షణంలో తగులుతుంది. కోలుకోవడానికి గంటలు పడుతుంది. రేణువుల అతుకులలో సరిగ్గా ఏమి జరుగుతున్నదనే విషయంమీద శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. అతుకులలో చేరిన పల్చని తేమపొర పాత్ర ఉందని కొందరు, రేణువుల రాపిడి ముఖ్యమని కొందరు అంటారు. బహుశా ఒకే కారణం కాకపోవచ్చు.

ఇదంతా ప్రయోగశాలలోని మూరెడు కడ్డీ కథ అయితే మనకు ఇంత పట్టింపు అక్కరలేదు. మనం నిలబడిన నేల కూడా రాయే.

భూకంపం అంటే రాతిలో సాగే పెద్ద తరంగాలే. ఏ ప్రాంతంలోని నేల ఎంత ఊగుతుందో ముందుగా తెలుసుకోవాలని ఇంజనీర్లు కోరుకొంటారు. పెద్ద భూకంపాలు అరుదుగా వస్తాయి. చిన్నవి తరచుగా వస్తాయి. కాబట్టి చిన్న ప్రకంపనలను కొలిచి, లెక్క పెంచి, పెద్ద వాటిని ఊహించడం సులభమైన మార్గం. నేల హుక్ సూత్రాన్ని పాటిస్తే ఈ మార్గంలో తప్పులేదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరానికి చేరువన నార్త్‌రిడ్జ్ వద్ద 1994 జనవరి 17న పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత చిన్న ప్రకంపనలు అనేకం వచ్చాయి. మెత్తని మట్టి, ఇసుక పొరలున్న చోట్ల ఊపు గట్టి రాతినేలమీద కన్నా ఎక్కువగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎన్ని రెట్లు ఎక్కువో చిన్న ప్రకంపనలలోనూ, పెద్ద భూకంపంలోనూ విడివిడిగా లెక్కకట్టి పోల్చారు. రెండూ ఒకటి కాలేదు. పెద్ద భూకంపంలో ఆ పెరుగుదల, కొన్నిచోట్ల, చిన్న ప్రకంపనల లెక్క చెప్పినదానిలో సగమే ఉంది. ఫలితం 1997లో వెలువడింది. అక్కడ నేల మెత్తబడి తరంగశక్తిని కొంత మింగివేసింది. ఇది విని సంతోషించడానికి వీలులేదు. మెత్తబడిన నేల స్వరం కిందికి దిగుతుంది. ఆ స్వరం ఏ ఎత్తైన భవనపు స్వరంతోనైనా కలిస్తే ఆ భవనానికి కీడే.

కాలిఫోర్నియాలోనే పార్క్‌ఫీల్డ్ వద్ద 2004 సెప్టెంబరు 28న మరొక భూకంపం వచ్చింది. అక్కడ శాస్త్రజ్ఞులు సుత్తి ఎత్తలేదు. సముద్రపు అలలు నిరంతరం తీరాన్ని తాకడం వల్ల భూమిలో ఎప్పుడూ సన్నని రొద ఉంటుంది. ఆ రొద ఒక చోటి నుండి మరొక చోటికి పోవడానికి పట్టే కాలాన్ని రోజురోజుకూ లెక్కించారు. భూకంపం రాగానే తరంగవేగం వెయ్యికి ఒక వంతు కన్నా కొంచెం తక్కువగా పడిపోయింది. తర్వాత మూడేళ్ళపాటు మెల్లగా కోలుకొంటూ వచ్చింది. ప్రయోగశాలలో గంటల్లో చూసినదానిని భూమి సంవత్సరాల్లో చూపింది. జపానులో 2011 మార్చి 11 నాటి మహాభూకంపం తర్వాత ఇటువంటి మార్పులు బాగా కనబడిన చోట్లలో ఫ్యూజీ అగ్నిపర్వతం కింది నేల ఒకటి. అది భూకంపం పుట్టినచోటికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అగ్నిపర్వతాల కింద, ఒత్తిడిలో ఉన్న వేడినీరు, ఆవిరి నెర్రెలను తెరిచి ఉంచుతాయి. అందుచేత అక్కడి రాయి తేలికగా సడలుతుంది.

మన దేశంలో రాతి పలుకుకు ప్రాణాల విలువ ఉన్న చోటు ఒకటుంది. అది కర్ణాటకలోని కోలారు బంగారుగనుల ప్రాంతం. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కార్మికులు అక్కడ తరాల తరబడి పనిచేశారు. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. అంత లోతులో రాతిమీద ఎంత బరువుంటుందో మీరే లెక్కవేయవచ్చు. ఒక చదరపు సెంటీమీటరు అడుగున్న, 3 కిలోమీటర్ల ఎత్తున్న రాతిస్తంభాన్ని ఊహించండి. రాయి నీటికన్నా 2.7 రెట్లు బరువనుకొంటే ఆ స్తంభం బరువు 810 కిలోలు. గోరంత చోటు మీద ఎనిమిది బస్తాల బియ్యం! ఆ ఒత్తిడిలో నెర్రెలన్నీ మూసుకుపోయి రాయి ఉక్కులా బిగుసుకొంటుంది. మనిషి సొరంగం తవ్వగానే సొరంగం గోడవైపు ఒత్తిడి మారిపోతుంది. మూసుకొన్న నెర్రెలు విచ్చుకొంటాయి. కొత్తవి పుడతాయి. ఒక్కొక్కప్పుడు రాతిలో నిలువయున్న శక్తి ఒక్కసారిగా విడుదలై గోడ పేలిపోతుంది. కోలారులో ఇటువంటి రాతి పేలుళ్ళు అనేకం జరిగాయి. కార్మికులు మరణించారు. పైన ఊరిలోని ఇళ్ళు కూడా అదిరేవి. గనులు 2001లో మూతపడ్డాయి. రాతి స్వభావాన్ని పరిశోధించే జాతీయ సంస్థ 1988లో ఈ కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లోనే మొదలవడం కాకతాళీయం కాదు.

గనిలో దిగేవారు పైకప్పును ఇనుపగడతో తట్టి వినడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటు. ఖంగుమంటే ముందుకు పోతారు. డోలు మోగినట్లు బోలుగా పలికితే ఆగి, ఆ పెచ్చును పడగొట్టి గాని కదలరు. సంతలో కుండ కొనేవారు చేసే పరీక్షే ఇది. తేడా ఏమిటంటే అక్కడ తప్పితే పోయేది కుండ.

ఈ పరీక్షకే అరేఖీయ ప్రవర్తనను జోడించి ఇప్పుడు మరింత సూక్ష్మంగా వినే పద్ధతులు వచ్చాయి. పరీక్షించవలసిన కాంక్రీటు దిమ్మలోకి గాని, లోహపు భాగంలోకి గాని రెండు వేరువేరు స్వరాలను ఒకేసారి పంపుతారు. వస్తువు నిర్దోషమైనదైతే ఆ రెండు స్వరాలే బయటకు వస్తాయి. లోపల పగులుంటే దాని రెండు అంచులు చప్పట్లు కొట్టినట్లు కలుసుకొంటూ విడిపోతూ ఉంటాయి. అప్పుడు ఆ రెండింటి మొత్తానికీ, తేడాకూ సమానమైన పౌనఃపున్యాలు గల కొత్త స్వరాలు పుడతాయి. మనం పంపని స్వరం వినబడిందంటే లోపల పగులున్నట్లే. వేగాన్ని మాత్రమే కొలిచినప్పుడు దొరకని చిన్న చిన్న పగుళ్ళు కూడా దీనికి దొరుకుతాయి.

మరొక పద్ధతిలో దిమ్మను మొదట మెల్లగా, తర్వాత కొంచెం కొంచెం గట్టిగా కంపింపజేసి, స్వరం ఎంత దిగిందో కొలుస్తారు. ఎక్కువ దిగితే ఎక్కువ పగుళ్ళున్నట్లు. ఈ పరీక్ష చేసేవారు ఒక జాగ్రత్త తీసుకొంటారు. గట్టిగా కుదిపిన దిమ్మను వెంటనే రెండవసారి కొలవరు. అది కోలుకొనేదాకా పక్కన పెట్టి ఉంచుతారు.